'రసీదు ఇవ్వండి బాబూ': గంజాం తీరంలో ఒక బడి కేసు

ఈ కేసు ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాలపూర్‌కు దక్షిణంగా ఉన్న ఒక జాలరి పల్లెది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు కొన్ని మార్చాను. నేను బరంపురంలో ఉంటాను. చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. లాయర్ని కాను. అర్జీ రాయించడం, ఏ ఆఫీసుకు వెళ్లాలో చెప్పడం, భయపడేవాళ్లకు తోడు వెళ్లడం, ఇవీ నా పనులు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత మారింది గానీ ఈ తీరం వెంట చేపలు పట్టేవాళ్ల ఇళ్లలో భాష మారలేదు. చాలామంది ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఒడియావాళ్లు వీళ్లను నొలియాలు అంటారు. సంతలో, బస్సులో ఒడియా బాగానే నడుస్తుంది. ఆఫీసు గుమ్మం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ ఒడియా నోట్లోనే ఆగిపోతుంది.

ఆ పల్లెలో పది ఆదివారాలు సాయంత్రం పూట మానవ హక్కుల గురించి మాట్లాడుకుందామని వెళ్లాను. పెద్దలు ఒప్పుకుని రామమందిరం అరుగు ఇచ్చారు.

మొదటి ఆదివారం నీరుగారిపోయింది. తప్పు నాదే. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనకు తెలుగు పాఠం ఉంది కదా అని అచ్చు తీసుకెళ్లాను. ముప్పై అధికరణల్లో మొదటిది గట్టిగా చదివాను: 'ప్రతిపత్తిస్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు.' వల బాగుచేసుకుంటున్న ఒకాయన తలెత్తి, "పంతులమ్మా, ఇది పెళ్లి మంత్రమేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఇంటికెళ్లాక టెన్షన్ పట్టుకుంది. ఇంకా తొమ్మిది ఆదివారాలున్నాయి మరి.

రెండో వారం ఒడియా పోస్టరు తీసుకెళ్లాను. అది ఇంకో చిక్కు తెచ్చింది. ఒడియాలో హక్కును 'అధికార' అంటారు. పోస్టరు మీద 'మానవ అధికార' అని ఉంటే, తెలుగు చెవికి అది అధికారంలా వినపడింది. "అధికారం మాకెక్కడిదమ్మా, బాబులకి గదా ఉంటాది" అంది ఎండుచేపలు అమ్మే ఒక అవ్వ. ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే ఆ మాట అలా అర్థమైంది. ఒక భాషలో స్వత్వం, ఇంకో భాషలో అధికారం, మధ్యలో వీళ్లు. ఈ అవ్వే తర్వాత మన కేసుకు ముఖ్యమైన మనిషి.

దారి చూపింది కూడా వాళ్లే. పెద్ద వల లాగిన రోజు వాటాలెలా వేస్తారో చెప్పమన్నాను. పడవకు ఇంత, వలకు ఇంత, లాగిన ప్రతి మనిషికీ ఇంత అని లెక్క చెప్పారు. "మరి మీ వాటా కోసం పడవ యజమానికి దండం పెట్టి అడుగుతారా?" అన్నాను. ఒక కుర్రాడికి కోపమొచ్చింది. "దండమెందుకు? లాగినాం గదా." సరే, వల లాగినవాడికి వాటా ఉన్నట్టు, మనిషిగా పుట్టినందుకే వచ్చే వాటా ఇది, అని చెప్పాను. ఇది పూర్తిగా సరిపోయే పోలిక కాదు. వాటాకు పని చెయ్యాలి, హక్కుకు చెయ్యక్కర్లేదు. అయినా ఆ రోజుకు పని జరిగింది.

హంసా మెహతా సంగతి చెప్పిందీ ఆ రోజే. ప్రకటన ముసాయిదాలో మొదటి వాక్యం 'పురుషులందరూ' అనే అర్థం వచ్చేలా ఉంటే, దాన్ని 'మానవులందరూ' అని మార్పించినావిడ మన దేశం పంపిన ప్రతినిధి, గుజరాత్ మనిషి. ఆడవాళ్లు ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఇదంతా చట్టమేనా అని అడిగారు. కాదు. అది దేశాలు ఒప్పుకున్న మాట. 48 దేశాలు అవునన్నాయి, కాదన్నది ఒక్కటీ లేదు, ఎనిమిది ఓటెయ్యలేదు. మన దేశం ఆ 48లో ఉంది. ఆఫీసులో మాత్రం ఆ ప్రకటన కాగితం పనిచెయ్యదు, మన రాజ్యాంగం, మన చట్టాలు పనిచేస్తాయి. అందుకని చార్టు మీద మూడు గళ్లు గీశాను: హక్కు, చట్టం, గుమ్మం. మూడో గడి నిండకపోతే మొదటి రెండూ గోడకు అందమే. పారా లీగల్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు కూడా ఇదే చెప్తున్నాను. అధికరణల నంబర్లు బట్టీ పట్టించకండి, ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పండి.

మూడో ఆదివారం చదువు హక్కు. ప్రకటనలో 26వ అధికరణ, రాజ్యాంగంలో 21ఎ, ఆ తర్వాత 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన విద్యా హక్కు చట్టం. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ప్రతి పిల్లకూ ఉచిత చదువు. అందరూ లేచి వెళ్లిపోయాక అవ్వ ఒక్కతే ఉండిపోయింది. "మా మనవరాల్ని బడిలో చేర్చుకోనేదు. అది కూడా దీన్లోకి వస్తాదా?"

కేసు అక్కడ మొదలైంది.

ఏం జరిగింది

అవ్వ కొడుకు విశాఖ హార్బర్‌లో మరబోటు మీద పని. నాలుగేళ్లుగా కుటుంబం అక్కడే. పాప అక్కడే తెలుగు బడిలో నాలుగో తరగతి పూర్తి చేసింది. పదేళ్లు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపేస్తారు. దానికి కాస్త ముందు బోటు మీద తాడు బిగిసి ఆ అబ్బాయి కాలికి దెబ్బ తగిలింది. నిషేధం మొదలయ్యాక ఇల్లు ఖాళీ చేసి అందరూ పల్లెకొచ్చేశారు. అప్పటికి అక్కడి బడికి వేసవి సెలవులు. టీసీ తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. కాలు విరిగిన ఇంట్లో టీసీ ఎవరికి గుర్తుంటుంది?

ఇక్కడి బడికి తీసుకెళ్తే మూడు మాటలు చెప్పి పంపారు. టీసీ లేదు. పాపకు ఒడియా రాదు. చేర్చుకునే టైమ్ అయిపోయింది, వచ్చే ఏడు రండి. రెండు నెలలుగా పాప ఇసుకలో చేపలు ఎండబెడుతూ కాకుల్ని తోలుతోంది. విశాఖ వెళ్లి టీసీ తేవాలంటే రైలు ఛార్జీ, రెండు రోజుల పని పోవడం, పైగా నడవలేని కొడుకు.

చట్టం ప్రకారం ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిలబడదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినా సరే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని సెక్షన్ 5 చెప్తుంది. చేర్చుకునే ముందు పిల్లకు పరీక్ష పెట్టి వడపోయకూడదని సెక్షన్ 13. గడువు దాటాక వచ్చినా కాదనకూడదని సెక్షన్ 15. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని సెక్షన్ 4. అవ్వ చెప్తుంటేనే నాకు ఇవన్నీ బుర్రలో వరసగా నిలబడ్డాయి. అదే నన్ను ముంచింది.

మొదటి ప్రయత్నం, నా తప్పు

సోమవారం పొద్దున్నే అవ్వను వెంటబెట్టుకుని బడికెళ్లాను. కూర్చోగానే నేనే మొదలుపెట్టాను, మంచి ఒడియాలో, సెక్షన్లతో సహా. ఐదు నిమిషాల్లో హెడ్మాస్టరు ముఖం గట్టిపడిపోయింది. "మీరు ఎవరి తరఫున వచ్చారు?" అన్నారు. అవ్వ పక్కనే ఉంది, కానీ ఆయన ఆమె వైపు చూడలేదు. నేను చూడనివ్వలేదు అనడం సరైనది. మా ఇద్దరికీ మాట పెరిగింది. పైకి రాసి పంపండి, పైనుంచి ఆర్డరు వస్తే చూస్తాను అన్నారు.

ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. కంప్యూటర్‌లో పాప పేరు ఇంకా విశాఖ బడి కిందే చూపిస్తోంది. అక్కడ వదిలిపెట్టినట్టు నమోదు కాకుండా ఇక్కడ ఎక్కిస్తే రేపు తననే అడుగుతారని ఆయన భయం. పిల్ల మీద ఆయనకు కోపమేమీ లేదు. నేను చట్టం వల్లించకుండా ఆయన భయమేంటో ముందే అడిగి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది.

తిరిగొస్తుంటే దార్లో అవ్వ అంది: "నువ్వు మాటాడితే నీకిస్తారు. నాకివ్వరు." ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత పొట్టిగా ఎవరూ నా తప్పు నాకు చెప్పలేదు.

అర్జీ

రెండోసారి బ్లాక్ విద్యాధికారి ఆఫీసు. ఈసారి అవ్వ మాట్లాడాలి, నేను పక్కన ఉండాలి. ముందు రోజు సాయంత్రం అరుగు మీద అర్జీ రాశాం. అవ్వ చెప్తుంటే డిగ్రీ చదివే ఒక కుర్రాడు తెలుగులో రాశాడు. నేను సెక్షన్ల కోసం ఒక్కసారే నోరు తెరిచాను. అర్జీ ఇంతే:

"అయ్యా, నా మనవరాలికి పదేళ్లు. విశాఖపట్నంలో నాలుగో తరగతి చదివింది. నా కొడుకు కాలు విరగడం వల్ల మేము ఊరికి వచ్చేశాం. టీసీ ఇంకా రాలేదు. టీసీ లేదని, ఒడియా రాదని, టైమ్ దాటిందని బడిలో చేర్చుకోలేదు. విద్యా హక్కు చట్టం 2009, సెక్షన్ 4, 5, 13, 15 ప్రకారం ఐదో తరగతిలో చేర్పించాలని, ఒడియా నేర్చుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను. మీరు ఏం నిర్ణయించారో నాకు రాతపూర్వకంగా తెలపండి."

ఒకే కాగితం, ఒకే పాప, ఎవరి మీదా నింద లేదు. మొదటి ముసాయిదాలో 'తమరి దయవలన' అని రాసుకొచ్చాడు కుర్రాడు. తీసెయ్యమని నేను చెప్పలేదు. తిరిగి చదువుతుంటే అవ్వే ఆపింది. "వాటా అన్నావు గదా, మళ్లీ దయేటి?" కొట్టేశాం. 'అయ్యా' మాత్రం ఉంచమంది. మర్యాద వేరు, దయ వేరు అని ఆమె లెక్క. నేను కాదనలేదు.

రెండు కాపీలు తీశాం. పంచాయతీ సర్పంచ్‌కు మూడోది. ఈ చట్టం కింద ఫిర్యాదు స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇస్తే మూడు నెలల్లో తేల్చాలని సెక్షన్ 32లో ఉంది. ఆ మూడు నెలల లెక్క మొదలవ్వాలంటే ఇచ్చిన తేదీకి సాక్ష్యం కావాలి. అందుకే కాపీ మీద ముద్ర, సంతకం, తేదీ.

ఆఫీసులో గుమాస్తా కాగితం చూసి వెనక్కి తోశాడు. "ఒడియారె లేఖికి ఆణ." ఒడియాలో రాసి తీసుకురా అని.

రాజ్యాంగంలో 350వ అధికరణ చాలామంది వినని అధికరణ. కష్టం చెప్పుకోవడానికి ఏ అధికారికైనా, దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని అది చెప్తుంది. సరిహద్దు జిల్లాల్లో పనిచేసేవాళ్లకు నా దృష్టిలో ఇంతకన్నా పనికొచ్చే వాక్యం రాజ్యాంగంలో ఇంకోటి లేదు. దాన్ని ఒడియాలో ఒక అట్టముక్క మీద రాయించి ఉంచాను. అవ్వ ఆ అట్టముక్క బల్ల మీద పెట్టింది. వెంటనే దాని పక్కన అర్జీకి ఒడియా అనువాదం కూడా పెట్టింది.

అనువాదం ఎందుకు, 350 ఉండగా, అని మా వాలంటీర్లలో ఒకరు నాతో గట్టిగా వాదించారు. నా అభిప్రాయం ఇది. తెలుగు కాగితం అవ్వ కోసం. తను దేని మీద వేలిముద్ర వేసిందో తనకు తెలియాలి. ఒడియా కాగితం గుమాస్తా కోసం. అతనికి పని తేలికైతే ఫైలు కదులుతుంది. హక్కు నిలబెట్టుకోవడానికి అవతలివాడికి కష్టం కలిగించి తీరాలని ఎక్కడా లేదు.

గుమాస్తా రెండూ చదివాడు. తీసుకుని సొరుగులో వేశాడు. మేం కదల్లేదు. అవ్వ రెండో కాపీ చాపింది.

"రసీదు ఇవ్వండి బాబూ."

"తీసుకున్నాను కదా, వెళ్లండి."

"తీసుకున్నారు బాబూ. తీసుకున్నట్టు రాసివ్వండి."

ఇలా నాలుగుసార్లు. గొంతు పెంచలేదు, వంగలేదు. చేపల బుట్ట దించినట్టు అక్కడే బెంచీ మీద కూర్చుంది. నేను నోరు మూసుకుని ఉండటానికి పడిన పాటు దేవుడికెరుక. నలభై నిమిషాలకు ముద్ర పడింది. బయటికొచ్చి ఆ కాగితాన్ని ఎండలో పట్టుకుని ముద్ర ఆరిందో లేదో చూసుకుంది.

పదకొండో రోజు బడినుంచి కబురొచ్చింది. టీసీ వచ్చేలోపు చేర్చుకుంటాం, ఐదో తరగతి. విశాఖ బడితో ఫోన్లో మాట్లాడి టీసీ పోస్టులో తెప్పించారు. నెల పట్టింది. హెడ్మాస్టరు గారు ఆ తర్వాత నాతో మామూలుగానే మాట్లాడుతున్నారు.

ఆరో ఆదివారం

ఇక్కడితో ఆపితే ఇది మంచి కేసులా కనిపిస్తుంది. కానీ బడి గొడవ నడుస్తుండగానే ఇంకొకటి చెడింది.

ఆరో వారం అరెస్టుల గురించి. రేవులో కొట్లాట జరిగి కుర్రాళ్లను పట్టుకెళ్లిన సంగతి ఊళ్లో ఇంకా వేడిగా ఉంది. మగవాళ్లు ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, లాయర్ని కలవనివ్వాలి, ఇవి రాజ్యాంగం 22వ అధికరణలో ఉన్నాయి. చిత్రహింస కూడదని ప్రకటన ఐదో అధికరణ. పెద్దలు తలలూపుతున్నారు. అప్పుడు వెనక నుంచి ఒకామె అడిగింది: "ఠాణాలో కొట్టకూడదు. ఇంట్లో కొట్టొచ్చా?"

అరుగంతా చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన ఒకరు, "అది ఊరి మాటమ్మా, మనలో మనం చూసుకుంటాం" అన్నారు. అవ్వ అర్జీకి మొదట సంతకం పెట్టి తోడు నిలబడింది ఈయనే. ఆఫీసు ముందు హక్కు అంటే సై అన్న మనిషికి, అదే మాట ఇంటి గడప దాటి లోపలికొస్తే నచ్చలేదు. నేనేమో ఊరుకోలేక 2005 గృహహింస చట్టం గురించి అక్కడికక్కడే, ఆమె వైపు చూస్తూ, పది నిమిషాలు చెప్పాను. ఊరందరి ముందూ ఆమె మీద వేలు పెట్టి చూపించినట్టయింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఇంట్లో గట్టిగా చివాట్లు పడ్డాయని అవ్వ చెప్పింది. చివాట్లతోనే ఆగిందా అని నేను అడిగితే అవ్వ జవాబు చెప్పలేదు.

అది నా చేతకానితనం. ఆడవాళ్లతో విడిగా కూర్చోకుండా ఊరి అరుగు మీద హింస గురించి మాట్లాడకూడదని నాకు తెలియక కాదు, చప్పట్ల ఊపులో మర్చిపోయాను. ఆ తర్వాత గురువారం మధ్యాహ్నాలు చేపలు ఎండబెట్టే చోటికి వెళ్లడం మొదలుపెట్టాను. చార్టు లేదు, మీటింగు పేరు లేదు. పని చేసుకుంటూ మాటలు. ఆడవాళ్లెవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్ని ఇస్తుందని, 1987 న్యాయ సేవల చట్టంలో ఉందని చెప్తే నమ్మలేదు. న్యాయ సేవల నంబరు 15100, మహిళల హెల్ప్‌లైన్ 181. ఈ రెండూ అవ్వ ఒక చేపల బిల్లు వెనక రాయించుకుంది. ఆ బిల్లు ఎవరి చేతికి వెళ్లిందో నాకు తెలుసు. ఆ తర్వాత ఏమైందన్నది ఇక్కడ రాయను. అది ఆమె చెప్పుకోవాల్సిన విషయం.

తాబేళ్ల ఆదివారం గురించి రెండు ముక్కలు. ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ చుట్టుపక్కల సముద్రంలో వేటకు నిషేధం ఉంటుంది. పని హక్కు ఉందన్నావు, మరి ఇదేటని మగవాళ్లు పట్టుకున్నారు. జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని సుప్రీంకోర్టు 1985లో చెప్పిన మాట నిజమే. ఇతరుల మేలు కోసం చట్టం హక్కుకు హద్దు పెట్టొచ్చని ప్రకటన 29వ అధికరణ చెప్పేదీ నిజమే. ఈ రెండింటి మధ్య పొయ్యి ఎలా వెలగాలో నేను చెప్పలేకపోయాను. అన్ని ఆదివారాల్లోకీ ఎక్కువ అరుపులు ఆ రోజే. జనం ఇళ్లకు వెళ్లడానికి ఇష్టపడనిదీ ఆ రోజే.

ఇప్పుడు

పాప బడికి వెళ్తోంది. వెనక బెంచీ. మొదటి నెలంతా బోర్డు మీదున్నది బొమ్మలా చూసి గీసుకొచ్చేదట. ఒడియా అక్షరాలు అచ్చం మనవాటిలాగే గుండ్రంగా ఉంటాయి, కాకపోతే ఒక్కోదానికీ గొడుగుంటుంది అంది నాతో. చట్టంలో ఉన్న ప్రత్యేక శిక్షణ మాత్రం ఇంకా మొదలవ్వలేదు. చెప్పే మనిషి లేరంటున్నారు. అర్జీ రాసిన కుర్రాడే సాయంత్రాలు గంటసేపు నేర్పుతున్నాడు. అది మంచిపనే గానీ బడి చెయ్యాల్సిన పనిని ఊరు మోయడం నాకు ఇష్టం లేదు. రాతపూర్వకంగా తెలపమన్న నిర్ణయం కూడా కాగితం మీద రాలేదు, నోటిమాటే.

అందుకని రెండో అర్జీ పెట్టాం, శిక్షణ ఒక్కదాని గురించే. ఈసారి నేను వెళ్లలేదు. అవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లారు. ముద్ర వేయించుకోవడానికి పావుగంట పట్టిందట. ఆ కాపీ పాత దానితో పాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఇంటి దూలానికి వేలాడదీసిన వలసంచిలో ఉంది. మూడు నెలల గడువు వచ్చే నెల పన్నెండున ముగుస్తుంది. పదమూడో తారీఖు సంత లేదు కాబట్టి ఆ రోజే వెళ్తామంది.